ఓడ ఎక్కే ముందు నెల చూసుకోవాలి

గత మూడేళ్లలో మేము రెండుసార్లు విహార నౌక ఎక్కాము. మొదటిసారి జులైలో చెన్నై నుంచి శ్రీలంకకు వెళ్లాము, రెండోసారి జనవరిలో ముంబయి నుంచి గోవా మీదుగా లక్షద్వీపాలకు వెళ్లాము. గది అద్దెలోనూ, భోజనంలోనూ, సిబ్బంది మర్యాదలోనూ ఆ రెండు ప్రయాణాలకు పెద్ద తేడా లేదు, కాని మాకు మిగిలిన అనుభవంలో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. ఆ తేడా అంతా మేము వెళ్లిన నెలది, ఓడ పోయిన దిక్కుది. కడపలో టికెట్లు చేసిన కార్యాలయంలో మాకు గదుల ఫోటోలు, ఈత కొలను ఫోటోలు గంటసేపు చూపించారు గాని, ఆ నెలలో ఆ దారిలో సముద్రం ఎలా ఉంటుందన్న ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. అడగాలన్న సంగతి మాకూ తెలియదు. మన సీమ నుంచి ఇప్పుడు చాలామంది ఈ ప్రయాణాలకు బయలుదేరుతున్నారు కాబట్టి, మేము చూసినదీ తర్వాత తెలుసుకున్నదీ వివరంగా రాస్తున్నాను.

జులై ప్రయాణానికి ఒక రోజు ముందే చెన్నై చేరి, సెంట్రల్ స్టేషనుకు నడక దూరంలో ఒక లాడ్జిలో దిగాము. గది సాదాగా ఉన్నా శుభ్రంగా ఉంది, అక్కడి నుంచి రేవు దగ్గర కాబట్టి ఉదయం హడావుడి లేకుండా పోయింది. సామాను తనిఖీ, పాస్‌పోర్టు పరిశీలన కలిపి ఓడలో అడుగుపెట్టేసరికి మూడు గంటలు పట్టింది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు ఆ మూడు గంటలకు మంచినీళ్లు, మందులు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, ఎందుకంటే పెద్ద పెట్టెలు ఓడ వాళ్లకు అప్పగించాక మళ్లీ రాత్రికి గాని గది ముందుకు రావు.

మొదటి రాత్రి ఓడ కదులుతోందన్న సంగతి, కిటికీలోంచి ఒడ్డు దీపాలు వెనక్కి పోవడం చూస్తే తప్ప తెలియలేదు. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం ఇంత నెమ్మదిగా ఉందేమిటని ఆశ్చర్యపోయాము. కారణం తర్వాత తెలిసింది. గాలి ఎంత బలంగా, ఎంతసేపు, ఎంత దూరం అడ్డు లేకుండా నీటి మీద పరుగెడితే కెరటం అంతగా పెరుగుతుంది. ఆ కాలంలో చెన్నై దగ్గరి సముద్రానికి గాలి భూమి మీదుగా వస్తుంది, కెరటాలు పెరగడానికి దానికి అక్కడ చోటు చాలదు. అదే గాలి కేరళ, గోవా, ముంబయి తీరాలకు మాత్రం అరేబియా సముద్రమంతా దాటి వచ్చి తాకుతుంది. అందుకే జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి తీరం విహార నౌకలకు పనికిరాదు, తూర్పు తీరం కొంత పనికివస్తుంది.

రెండో రోజు కూడా సాయంత్రం దాకా హాయిగానే గడిచింది. పాక్ జలసంధిలోనూ రామసేతువు దగ్గరా లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు అటు పోలేవు. శ్రీలంకను తూర్పు వైపు నుంచి చుట్టి దక్షిణానికి దిగాలి. ఆ ద్వీపం నీడలో ఉన్నంతసేపు గాలికి గోడ కట్టినట్టే ఉంటుంది. మేము ముందుగా ఆగవలసిన హంబన్‌తోట రేవు దక్షిణ తీరంలో ఉంది, ఆగ్నేయపు మూల తిరిగామంటే ఆ గోడ అయిపోతుంది. మేము రాత్రి భోజనానికి కూర్చున్న వేళ ఆ మూల వచ్చింది.

మొదట బల్ల మీది మజ్జిగ గ్లాసు తనంతట తాను నా వైపు రెండంగుళాలు జరిగి ఆగింది. కాసేపటికి గదిలో అలమర తెరిస్తే బట్టల హ్యాంగర్లు ఒకదానికొకటి తగులుతూ చప్పుడు చేస్తున్నాయి, తెరలు గాలి లేకుండానే గోడను వదిలి ముందుకు వచ్చి మళ్లీ వెనక్కి పోతున్నాయి. పై డెక్కు మీది కొలనులో నీళ్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎగిరి పొర్లుతుంటే సిబ్బంది నీళ్లు వదిలేసి పైన వల కట్టారు. లిఫ్టుల దగ్గర చేతిపట్టీల సందుల్లో వాంతులకని కాగితపు సంచులు పెట్టి పోయారు. వాటిని చూశాక నా భార్యకు ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది, తెల్లవారుజాము దాకా ఆమె తల ఎత్తలేకపోయింది.

మా గదులు చూసే కుర్రవాడిది శ్రీకాకుళం జిల్లా. అతను పచ్చి ఆపిల్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు తెచ్చి పెట్టి, "అమ్మా, గదిలో పడుకుంటే ఇంకా తిప్పుతుంది, కింద మధ్య హాల్లోకి రండి, అక్కడ ఊపు తక్కువ" అని స్వయంగా తీసుకువెళ్లాడు. అతను చెప్పినట్టే అయిదో అంతస్తులో నడిమధ్య హాల్లో కూర్చున్నాక అరగంటలో ఆమెకు వాంతులు ఆగాయి. ఆ కుర్రవాడి సేవను మా ఇంటిల్లిపాదీ ఇప్పటికీ తలుచుకుంటాము.

గది ఎంపికలో మేము చేసిన పొరపాటు అక్కడే అర్థమైంది. ఓడ ముక్కు దగ్గర పై అంతస్తులో బాల్కనీ ఉన్న గది అన్నిటికంటే మేలైనదని టికెట్లు చేసినవారు చెబితే, ఎక్కువ డబ్బు కట్టి అదే తీసుకున్నాము. మన పొలాల్లో ఒకప్పుడు బావి నీళ్లు తోడిన ఏతాన్ని తలుచుకుంటే ఈ విషయం వెంటనే బోధపడుతుంది. ఏతం కొన ఎంత ఎత్తుకు లేచి ఎంత లోతుకు దిగినా, నడిమి ఇరుసు దగ్గర కదలిక కొద్దిగానే ఉంటుంది. ఎదురుగా కెరటం వచ్చినప్పుడు ఓడ ముక్కు, తోక అలాగే లేచి దిగుతాయి. పక్కకు ఊగేటప్పుడు పై అంతస్తులు కింది వాటికంటే ఎక్కువ దూరం ఊగుతాయి. ఓడకు నీటి అడుగున రెండు వైపులా రెక్కల్లాంటి అమరికలు ఉంటాయి, అవి పక్క ఊపును చాలావరకు తగ్గిస్తాయి గాని, ముక్కు లేవడం దిగడం ఆపలేవు. కాబట్టి కుదుపుకు భయపడేవారికి కింది అంతస్తులో, ఓడ పొడవుకు సరిగ్గా మధ్యలో ఉన్న గదే మేలు. కిటికీ లేకపోయినా పరవాలేదు, పైగా దాని అద్దె తక్కువ.

హంబన్‌తోటలో రేవు లోపలికి చేరాక ఓడ నిలకడగా నిలిచింది గాని, దిగడం రెండు గంటలు ఆలస్యమై, మేము వేరేగా డబ్బు కట్టిన బస్సు యాత్రలో ఒక చోటు వదిలేశారు. అడిగితే కొంత మొత్తం ఓడలోనే ఖర్చు పెట్టుకునే జమగా ఇచ్చారు, నగదు ఇవ్వలేదు. టికెట్టు షరతుల్లో వాతావరణాన్ని బట్టి రేవు మార్చే హక్కు కెప్టెన్‌దేనని రాసి ఉంటుంది. ఆ కాగితం చదివి సంతకం చేసేవారు తక్కువ.

మరుసటి రోజు త్రికోణమలైలో చూసిన సముద్రం మాత్రం అదే సముద్రమంటే నమ్మలేము. అది తూర్పు తీరంలో కొండల నడుమ సహజంగా ఏర్పడిన లోతైన రేవు. నైరుతి గాలి శ్రీలంక భూమిని దాటి వస్తుంది కాబట్టి మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ నీళ్లు మన పల్లె చెరువులా ఉంటాయి. స్వామి రాక్ అనే కొండ కొమ్ము మీద కోణేశ్వర స్వామి ఆలయం నుంచి కిందికి చూస్తే నీటి అడుగున రాళ్లు కనిపించాయి. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా చెప్పుకునే శాంకరీదేవి సన్నిధి కూడా అక్కడే కావడంతో, రాత్రంతా పడిన బాధను నా భార్య ఆ గుడి మెట్ల మీదే మరిచిపోయింది. నవంబరు వచ్చేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. ఈశాన్య గాలులు త్రికోణమలై వైపును కొడతాయి, దక్షిణాన గాలే పట్టణం, హంబన్‌తోట వైపు సముద్రం నెమ్మదిస్తుంది. ఒకే ద్వీపం, ఒకే వారం, రెండు సముద్రాలు. శ్రీలంక ప్రయాణం చేసేవారు ఓడ ఆగే రేవుల పేర్లు చూసి, ఆ నెలలో గాలి ఎటు నుంచి వస్తుందో సరిపోల్చుకుంటే సగం కష్టం తప్పుతుంది.

జనవరి ప్రయాణం గురించి చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే సముద్రం మమ్మల్ని ఏమీ చేయలేదు. కడప నుంచి ముంబయికి దాదాపు ఒక రోజు రైలు ప్రయాణం, ఆ అలసట తీరడానికి అక్కడ ఫోర్ట్ అనే ప్రాంతంలో ఒక రాత్రి ఆగాము. అద్దె చెన్నై లాడ్జికి రెండింతలు, గది మాత్రం దానిలో సగం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అరేబియా సముద్రం ఎంత ప్రశాంతంగా ఉంటుందంటే, నాలుగు రాత్రుల్లో ఒక్కసారి కూడా గోడ పట్టుకుని నడవవలసి రాలేదు. అప్పుడప్పుడు పర్షియన్ గల్ఫ్ వైపు నుంచి శమాల్ అనే వాయవ్య గాలులు వీచినప్పుడు వాటి కెరటాలు మన పడమటి తీరం దాకా వస్తాయి. మాకు అవి తగలలేదు.

లక్షద్వీపాల దగ్గర పగడపు దిబ్బలు అడ్డు కాబట్టి పెద్ద ఓడ దూరంగానే ఆగుతుంది, పక్క తలుపులోంచి చిన్న పడవలోకి దిగాలి. మేము దిగినప్పుడు పడవ అంచు ఓడ గడపకు జానెడు పైకీ జానెడు కిందికీ ఊగుతోంది. పడవవాళ్లు ఇద్దరు చెరో భుజం పట్టుకుని, "ఇప్పుడు" అన్నప్పుడు అడుగు వేస్తే చాలు. అదే తేడా మనిషి ఎత్తు ఉన్న రోజున మోకాళ్ల నొప్పులున్న మా వయసువారు దిగలేరు. వానాకాలంలో అక్కడికి పర్యాటకులను తీసుకెళ్లడం దాదాపుగా ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పడవల్లో దిగవలసిన రేవు ఏదైనా సరే, అలజడి ఉంటే ముందుగా రద్దయ్యేది అదేనని గుర్తుంచుకోవాలి.

ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం సంగతి మన జిల్లావారికి వేరే చెప్పనక్కర్లేదు. తీరం లేకపోయినా మనకు ఆ సముద్రం వానగా తెలుసు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట, నందలూరు పల్లెలు కొట్టుకుపోయినప్పుడు, చెన్నై రైలు మార్గం కూడా నందలూరు దగ్గర తెగిపోయింది. ఆ వానంతా బంగాళాఖాతంలోని వాయుగుండం తెచ్చినదే. అలాంటి వారంలో చెన్నై నుంచి ఓడ ఎక్కాలనుకున్నవారు ముందుగా చెన్నైకే చేరలేరు. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను చెన్నై దగ్గరే తీరం దాటింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచి బాపట్ల దగ్గర తీరం దాటింది.

ప్రొద్దుటూరులో ఉన్న మా అన్న, వదిన ఒక నవంబరులో చెన్నై నుంచే వెళ్లారు. టికెట్లు చవకగా వచ్చాయని మా అన్న సంతోషించాడు. వాయుగుండం ఏర్పడి ఓడ ఒక రోజు ఆలస్యంగా కదిలింది, ఒక రేవు పూర్తిగా రద్దయింది, మిగిలిన రోజులు మబ్బు పట్టిన సముద్రం మధ్య గడిచాయి. వారికి ప్రాణభయం లేదు. తుపాను సాధారణంగా గంటకు పది, ఇరవై కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది, విహార నౌక ముప్పై కిలోమీటర్లకు పైగా పోగలదు, కెప్టెన్లు ముందే దారి తప్పించుకుంటారు. కాని అలా తప్పించుకోవడంలోనే మనం చూడాలనుకున్న ఊళ్లు పోతాయి. పడమటి సముద్రానికీ ఈ బెడద లేకపోలేదు. 2021 మేలో వచ్చిన తౌక్తే తుపాను ముంబయి పక్కనుంచి పోయి గుజరాత్‌ను తాకింది, కాబట్టి మే నెల టికెట్లు కూడా ఆలోచించే కొనాలి.

అండమాన్‌కు విమానంలో వెళ్లేవారు కూడా దీవుల మధ్య పడవల మీదే ఆధారపడాలి. 2016 డిసెంబరు మొదటి వారంలో వాతావరణం చెడి హావ్‌లాక్, నీల్ దీవుల్లో వందల మంది చిక్కుకుపోతే నావికాదళం ఓడలు పంపవలసి వచ్చింది. అక్కడికి జనవరి నుంచి మార్చి మేలు. సింగపూర్ నుంచి పినాంగ్ వైపు పోయే ఓడలకు మలక్కా జలసంధిలో సుమత్రా ద్వీపం అడ్డుగా ఉండి ఏడాదిలో చాలా నెలలు నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. అదే సింగపూర్ నుంచి డిసెంబరు, జనవరిల్లో వియత్నాం వైపు పోతే ఈశాన్య గాలులు ఎదురవుతాయి.

సముద్రం ఎలా ఉంటుందో ముందుగా చూసుకోవడానికి మన హైదరాబాదులోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. కెరటాల ఎత్తు, గాలి వేగం రాబోయే రోజులకు అంచనా వేసి అందరికీ అందుబాటులో పెడుతుంది. అందులో చెప్పే కెరటం ఎత్తు, వచ్చిన కెరటాల్లో పెద్దవైన మూడో వంతు సగటు. ఒక్కొక్క కెరటం దానికి దాదాపు రెండింతలు కూడా ఉండవచ్చు. 1.25 మీటర్ల లోపు అయితే పెద్ద ఓడలో తెలియను కూడా తెలియదు, 2.5 మీటర్లు దాటితే అలజడి సముద్రమని వాతావరణ శాఖ కూడా అంటుంది. మా జులై రాత్రి అటువంటిదే. బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఈ అంచనా చూసుకుంటే, టికెట్టు మార్చుకోలేకపోయినా మందు ఎప్పుడు వేసుకోవాలో తెలుస్తుంది.

మందు విషయంలో మా వైద్యుడు చెప్పినది ఒక్కటే: వాంతి మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు, కుదుపు మొదలవడానికి ఒక గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. మన మందుల షాపుల్లో దొరికే ఆవోమిన్ వంటివి నిద్ర తెస్తాయి, గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారికి సరిపడకపోవచ్చు కాబట్టి వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంటే కళ్లు గది గోడను చూసి కదలడం లేదని చెప్పడం వల్ల ఈ తిప్పు వస్తుందట, అందుకే పగటి పూట బయట నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తే తగ్గుతుంది. భోజనంలో ఆ రాత్రి నూనె వంటకాలు తిన్నవారంతా బాధపడ్డారు, పెరుగన్నం తిన్న నేను నిలబడగలిగాను. ఓడలో ఇంటి వంట లోపలికి రానివ్వలేదు గాని, పెరుగు, అన్నం, అల్లం టీ మాత్రం ఏ వేళ అడిగినా ఇచ్చారు.

ఈసారి మా అన్న, వదిన కూడా మాతో వస్తామన్నారు. ఫిబ్రవరి రెండో వారానికి కొచ్చి నుంచి లక్షద్వీపాల ఓడకు అడిగాము, నాలుగు టికెట్లూ కింది అంతస్తులో మధ్య గదులకే రాయించాము. ద్వీపాల ప్రవేశ అనుమతి కాగితాలు ఇంకా రావలసి ఉంది.