చార్జింగ్ పంపు రెగ్యులేటర్‌లో ఏది మేలు: ట్రాన్సిస్టరా, మాస్ఫెట్టా?

రెండేళ్ల కింద పత్తి సీజన్‌కు ముందు ఇద్దరికి మందు పంపులు బాగుచేసి ఇచ్చాను. ఒకటి వర్ధన్నపేట దగ్గర ఉండే మా పెద్దబాపుది, ఇంకొకటి పరకాల వైపు ఉండే మా బావది. రెండూ వీపుకు తగిలించుకునే చార్జింగ్ పంపులే. 12 వోల్టుల బ్యాటరీ, నాబ్ నిండా తిప్పితే మోటారు 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. వేగం తగ్గించే పాత నాబ్‌లు పాడైపోతే, ఆ చోట ఒక ఆర్డునో నానో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు), దాని మాట మీద మోటారు కరెంటును తెరిచి మూసే ఒక ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్ఫెట్ పెట్టి కొత్త రెగ్యులేటర్ కట్టాను. రెండు మాస్ఫెట్‌లూ ఒకే కవరులోంచి తీసినవే. బావ పంపు సీజనంతా బాగానే నడిచింది. పెద్దబాపు పంపు మొదటి రోజు రెండో ట్యాంకుకే ఆగింది.

"గిదేందిరా, మందు వాసన గాదు, ప్లాస్టిక్ కాలిన వాసనొస్తుంది" అని చేను మీంచి ఫోన్ చేశాడు. వాసన రాగానే స్విచ్ ఆపి పంపును గట్టు మీద పెట్టేశాడు, అదే మంచిదైంది. సాయంత్రం వెళ్లి విప్పితే మాస్ఫెట్‌కు ఆనుకుని ఉన్న డబ్బా మూల మెత్తబడి లోపలికి వంగి ఉంది.

అక్కడే మళ్లీ నడిపించి, కరెంటు వచ్చి పోయే రెండు కాళ్ల మధ్య, అంటే మాస్ఫెట్ డ్రెయిన్‌కూ సోర్స్‌కూ మధ్య మీటరు పెట్టాను. 0.6 వోల్టులు. మరుసటి వారం బావ పంపులోనూ చూశాను, 0.2 వోల్టులు. చూడ్డానికి చిన్న తేడా. కానీ 0.6ను 3 ఆంపియర్లతో గుణిస్తే 1.8 వాట్లు. హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) లేకుండా నిలబెట్టిన ఆ సైజు పార్టు, ఒక్కో వాటుకు సుమారు 62 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే బయటి ఎండ మీద ఇంకో 110 డిగ్రీలు. ప్లాస్టిక్ మెత్తబడటంలో వింతేం లేదు.

హన్మకొండలో మా షాపుకు ప్రాజెక్టు సామాను కోసం పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు వస్తుంటారు. "అన్నా, ట్రాన్సిస్టర్ వేయాలా, మాస్ఫెట్ వేయాలా? ఏది మంచిది?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ పంపు విప్పిన రోజు నుంచి నేను తిరిగి రెండే అడుగుతున్నాను. దాంట్లోంచి ఎన్ని ఆంపియర్లు పోతాయి? దాన్ని తెరవడానికి నీ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయి? ఈ రెండూ చెబితే ఏ పార్టో దానంతటదే తేలుతుంది.

ముందు రెండింటి నడక చూద్దాం. మామూలు ట్రాన్సిస్టర్‌లో మూడు పొరలు. ఇంటర్ పుస్తకంలో ఉద్గారకం, ఆధారం, సేకరిణి అని చదువుకున్నాం, షాపులో ఎమిటర్, బేస్, కలెక్టర్ అంటాం. మధ్యలోని బేస్ చాలా పల్చన. ఎమిటర్ నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం ఆ పల్చని పొరను దాటుకుని కలెక్టర్‌కు చేరిపోతాయి. కొద్ది మాత్రం బేస్‌లోని రంధ్రాలతో (ఎలక్ట్రాన్ లేని ఖాళీలతో) కలిసి పోతాయి. అలా పోయినదాన్ని మనం బేస్ కరెంటుగా భర్తీ చేస్తూనే ఉండాలి. ఆపితే ట్రాన్సిస్టర్ మూసుకుంటుంది.

మాస్ఫెట్‌లో గేటుకూ (తెరిచి మూసే మూడో కాలికీ) లోపలి సిలికాన్‌కూ మధ్య గాజు లాంటి సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది. గేటు మీద వోల్టేజీ పెడితే కరెంటు లోపలికి పోదు. ఆ వోల్టేజీ లాగితే ఎలక్ట్రాన్లు పొర కిందికి చేరి ఒక దారి ఏర్పడుతుంది, కరెంటు ఆ దారిలో నడుస్తుంది. చెరువు తూముతో పోల్చి చెబితే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. ట్రాన్సిస్టర్ అనేది మనిషి తాడు పట్టుకుని లాగినంతసేపే తెరుచుకునే తూము. మాస్ఫెట్ ఒకసారి ఎత్తితే అలాగే నిలబడే తూము. అందుకే గేటు వైరు ఊడిపోయినా మాస్ఫెట్ తెరిచే ఉండొచ్చు, మోటారు ఆగకపోవచ్చు. గేటు నుంచి సోర్స్‌కు ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేయమని నేను పట్టుబట్టేది దీనికే. వైరు ఊడితే గేటు మీది చార్జి ఆ రెసిస్టర్ గుండా దిగిపోయి పంపు ఆగుతుంది.

ఇప్పుడు మా పంపు లెక్కకే వద్దాం. 3 ఆంపియర్లు. పిల్లలు మొదట అడిగేది టిప్122. అది లోపల రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాని వెనక ఒకటి ఉండే డార్లింగ్‌టన్ రకం. బేస్‌కు పది మిల్లీఆంపియర్లు ఇచ్చినా చాలు, ఆర్డునో పిన్ సులువుగా తెరుస్తుంది. వాళ్లకు నచ్చేది అదే. అయితే రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కు కావాల్సిన 0.7 వోల్టులు మొదటిది దాని కలెక్టర్ వైపు నుంచే తెచ్చి ఇవ్వాలి. కాబట్టి ఎంత తెరిచినా టిప్122 మీద 0.9 వోల్టుకు తక్కువ మిగలదు. 3 ఆంపియర్ల దగ్గర 2 వోల్టుల దాకా ఉండొచ్చని కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. ఒక్క వోల్టే అనుకున్నా 3 వాట్ల వేడి. హీట్ సింక్ లేకపోతే నిమిషాల్లో పోతుంది. హీట్ సింక్ పెట్టినా, 12 వోల్టుల బ్యాటరీలోంచి పన్నెండో వంతు దారిలోనే వేడిగా పోయినట్టు. మందు కొట్టే మనిషికి అది ట్యాంకుల లెక్కలో తెలుస్తుంది.

పోనీ డార్లింగ్‌టన్ కాకుండా ఒంటి ట్రాన్సిస్టర్, టిప్31సి వేద్దామా? 3 ఆంపియర్ల దగ్గర దాని గెయిన్, అంటే బేస్ కరెంటుకు ఎన్ని రెట్లు కలెక్టర్‌లో నడుస్తుందో ఆ లెక్క, 10కి దిగొచ్చు. బేస్‌కే 300 మిల్లీఆంపియర్లకు పైగా కావాలి. ఆర్డునో పిన్‌ను 20 మిల్లీఆంపియర్లు దాటించకూడదు. దాన్ని నడపడానికి ఇంకో ట్రాన్సిస్టర్ కావాలి. అంత పని ఇక్కడ అక్కర్లేదు.

మరి మాస్ఫెట్ పెట్టిన నేను ఎందుకు దెబ్బతిన్నాను? ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ తెరుచుకోవడం మొదలయ్యే వోల్టేజీ 2 నుంచి 4 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మొదలవడం అంటే డేటాషీట్ లెక్కలో మిల్లీఆంపియర్‌లో నాలుగో వంతు మాత్రమే, పావు మిల్లీఆంపియర్. నేను ఆ 4ను చూసి, ఆర్డునో పిన్ 5 వోల్టులు ఇస్తుంది కదా అనుకున్నాను. దాని 17.5 మిల్లీఓమ్‌లు అనే గొప్ప అంకె (తెరుచుకున్నప్పుడు మిగిలే నిరోధం) గేటు మీద 10 వోల్టులు ఉన్నప్పటిది. బావకు వెళ్లినది 3 వోల్టుల దగ్గర తెరుచుకునే రకం అయి ఉంటుంది, 5తో సరిపెట్టుకుంది. పెద్దబాపుకు వెళ్లినది 4కు దగ్గరలోది, సగం తెరుచుకుని వేడెక్కింది. రెండూ మంచి పార్టులే. తప్పు నా లెక్కది. బల్ల మీద ఒక పీసుతో పరీక్షించి బాగుందనుకుంటే, రెండో పీసు అలాగే ఉంటుందని హామీ లేదు. నాకు అందరికీ చెప్పాలనిపించేది ముఖ్యంగా ఇదే.

దాని చోట ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ వేశాను. పేరులో ఒక్క అక్షరం తేడా. ఇది 1 నుంచి 2 వోల్టుల మధ్యే తెరుచుకోవడం మొదలుపెడుతుంది, గేటు మీద 5 వోల్టులున్నప్పుడు 25 మిల్లీఓమ్‌లకు మించదు. 3 ఆంపియర్లకు 0.075 వోల్టులు, పావు వాటు కంటే తక్కువ వేడి. హీట్ సింక్ లేకుండానే చెయ్యి పెట్టి పట్టుకోవచ్చు.

అలాగని ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్‌ను పక్కన పడేయొద్దు. ఆర్డునో కాకుండా 555 టైమర్ ఐసీని నేరుగా 12 వోల్టుల మీద నడిపి రెగ్యులేటర్ కడితే గేటుకు 10 వోల్టుల దాకా అందుతుంది, అదే పార్టు హాయిగా పనిచేస్తుంది. 3.3 వోల్టుల బోర్డులు వాడేవాళ్లకు మాత్రం ఒక మాట. వాటికి ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ కూడా నమ్మకం కాదు, దాని డేటాషీట్ హామీ 4 వోల్టుల దగ్గరే ఆగుతుంది.

ఇంతా చెప్పి ట్రాన్సిస్టర్ పనికిరాదని అంటే అన్యాయం. స్టార్టర్ బోర్డులో ఒక రిలే (చిన్న కరెంటుతో నడిచే స్విచ్) నడపాలి, దాని కాయిల్‌కు 30 మిల్లీఆంపియర్లు చాలు. అక్కడ నేను కళ్లు మూసుకుని బీసీ547 ఇస్తాను. బేస్‌కు 0.7 వోల్టులు దాటితే తెరుచుకుంటుంది కాబట్టి 3.3 వోల్టుల బోర్డుకైనా ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 2.6 మిల్లీఆంపియర్లు అందుతాయి, అది ధారాళం. చాయ్ డబ్బులకు నాలుగైదు వస్తాయి. అది 100 మిల్లీఆంపియర్ల పార్టు అని గుర్తుంచుకుంటే చాలు. బేస్ రెసిస్టర్ మర్చిపోతే మాత్రం పెట్టిన క్షణమే పోతుంది.

ఇంకో విషయంలోనూ ట్రాన్సిస్టర్‌దే పైచేయి. మన దగ్గర మిర్చికి మందు కొట్టేది చలికాలంలో. జనవరి పొద్దున పొడిగాలికి స్వెటర్ విప్పుతుంటే చిటపటమంటుంది కదా, ఆ చిటపట వేల వోల్టులు. మాస్ఫెట్ గేటు 16, 20 వోల్టులకు మించి తట్టుకోదు. ఆ సన్నని ఆక్సైడ్‌కు ఒకసారి చిల్లు పడితే మళ్లీ బాగుపడదు. తరచుగా డ్రెయిన్, సోర్స్ అతుక్కుపోతాయి. నాబ్ ఎటు తిప్పినా పంపు నిండు వేగంతో నడుస్తుంటే ముందు దాన్నే అనుమానించాలి. మాస్ఫెట్‌లను నేను చార్జిని నిలవనివ్వని నల్ల స్పాంజిలో గుచ్చి పెడతాను, ముట్టుకునే ముందు షాపు ఇనుప గ్రిల్‌ను ఒకసారి పట్టుకుంటాను.

ఈ రెండింటిలో ట్రాన్సిస్టర్ ముందు పుట్టింది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ మొదటిది పనిచేయించారు. షాక్లీతో కలిపి వాళ్లకు 1956లో నోబెల్ వచ్చింది. మాస్ఫెట్‌ను అదే ల్యాబ్స్‌లో అటాలా, కాంగ్ 1959లో తయారుచేశారు. మన వరంగల్ ఆర్ఈసీకి, ఇప్పటి నిట్‌కు, నెహ్రూ శంకుస్థాపన చేసిందీ 1959 అక్టోబరులోనే. కాజీపేట నుంచి వస్తూ ఆ గేటు దాటిన ప్రతిసారీ నాకు ఇది గుర్తొస్తుంది.

ఇక డయోడ్. పంపు బోర్డులో డయోడ్‌కు రెండు చోట్ల పని ఉంది, రెండు చోట్లా అందరూ 1ఎన్4007 పెట్టేస్తారు.

డయోడ్ అంటే బావి మోటారు ఫుట్ వాల్వ్ లాంటిది. నీళ్లు పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. అయితే వాల్వ్ రేకును లేపడానికి కొంత ఒత్తిడి ఖర్చవుతుంది. పి-రకం, ఎన్-రకం సిలికాన్ కలిసిన చోట ఏర్పడే లేమి పొరను (మోసే ఎలక్ట్రాన్లు, రంధ్రాలు లేని పొరను) దాటడానికి 0.6, 0.7 వోల్టులు అలాగే ఖర్చవుతాయి. షాట్కీ డయోడ్‌లో లోహం, సిలికాన్ నేరుగా కలుస్తాయి. అక్కడ గోడ పొట్టిది, మోస్తరు కరెంటుకు 0.3 వోల్టుల దగ్గరే దాటొచ్చు. పాత రేడియోల జర్మేనియం డయోడ్‌కూ అంతే తక్కువ పడుతుంది కానీ, వేడికి వెనక్కి కారిపోతుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన ఊళ్లకు అది పనికిరాదు.

మొదటి చోటు మోటారు పక్కన. మాస్ఫెట్ మూసుకున్న ప్రతిసారీ మోటారు చుట్టలోని కరెంటు ఆగనంటుంది, దారి చూపకపోతే వోల్టేజీ ఒక్కసారి ఎగిరి మాస్ఫెట్‌నే కొడుతుంది. రిలేకైతే 1ఎన్4007 చక్కగా సరిపోతుంది. వేగం తగ్గించడానికి కరెంటును సెకనుకు వందలసార్లు, వేలసార్లు తెరిచి మూసే రెగ్యులేటర్‌కు మాత్రం అది మందకొడి. పైగా ఒక్క ఆంపియర్ పార్టు. అక్కడ 3 ఆంపియర్ల షాట్కీ, 1ఎన్5822 వేయాలి.

రెండో చోటు బ్యాటరీ దగ్గర. తొందరలో ఎవరో ఒకరు ఎరుపు, నలుపు వైర్లు మార్చి పెడతారు. మోటారు వెనక్కి తిరుగుతుంది, అంతేగా అనుకుంటారు. అలా కాదు. మాస్ఫెట్ లోపల సోర్స్ నుంచి డ్రెయిన్‌కు ఒక డయోడ్ పుట్టుకతోనే ఉంటుంది. బ్యాటరీ తిరగబడితే కరెంటు దాంట్లోంచి, అక్కణ్నుంచి మోటారు పక్కన మనం పెట్టిన డయోడ్‌లోంచి నేరుగా పోతుంది. మోటారుతో పనే లేదు, అది షార్ట్ సర్క్యూటే. అందుకే 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. దాంతోపాటు బ్యాటరీ ప్లస్ వైరు దారిలో ఒక 1ఎన్5408 పెడితే దాదాపు వోల్టు పోతుంది, టిప్122 కథే మళ్లీ మొదలు. 1ఎన్5822 పెడితే అర వోల్టు, వాటున్నర వేడి. అన్నింటికంటే మేలైనది పి-ఛానల్ మాస్ఫెట్ (గేటు వోల్టేజీ సోర్స్ కంటే తగ్గితే తెరుచుకునే రకం) ఐఆర్ఎఫ్4905. డ్రెయిన్ బ్యాటరీ ప్లస్ వైపు, సోర్స్ బోర్డు వైపు, గేటు రెసిస్టర్ గుండా మైనస్‌కు. 20 మిల్లీఓమ్‌లు కాబట్టి 3 ఆంపియర్లకు 0.06 వోల్టులే పోతాయి. వైర్లు తిరగబడితే అసలు తెరుచుకోదు. ఖర్చు కొంచెం ఎక్కువే, అయినా నేను అదే వేస్తున్నాను.

షాపుల్లో నకిలీలూ తగులుతాయి కనుక కొన్న మాస్ఫెట్‌ను పరీక్షించుకునే పద్ధతి ఒకటి చెబుతాను. 12 వోల్టుల 35 వాట్ల బండి హెడ్‌లైట్ బల్బు తీసుకోండి, అది 3 ఆంపియర్లకు దగ్గరగా తీసుకుంటుంది. గేటుకు 5 వోల్టులు ఇచ్చి బల్బు వెలిగించి, డ్రెయిన్, సోర్స్ మధ్య మీటరు పెట్టండి. 0.1 వోల్టు దాటితే ఆ పీసు ఆర్డునో రెగ్యులేటర్‌లో వేయొద్దు.

పెద్దబాపు పంపుకు డబ్బా మార్చలేదు. మెత్తబడిన మూల అలాగే ఉంది. ఈ ఎండాకాలం సర్వీసుకు తెచ్చినప్పుడు మూత తీసి నాబ్ నిండా తిప్పి చూశాను, 0.07 వోల్టులు. "మంచిగుందా?" అని అడిగితే మాస్ఫెట్ మీద వేలు పెట్టి చూడమన్నాను.