సెయింట్ లూయిస్, సిన్సినాటి: రెండు రేవు పట్టణాల తొలి నడక

అమెరికా మధ్య పశ్చిమంలో నది ఒడిలో పెరిగిన నగరాలను పోల్చదలచినవారికి మిసిసిపీ ఒడ్డున సెయింట్ లూయిస్, ఒహాయో ఒడ్డున సిన్సినాటి చక్కటి జంట.

సెయింట్ లూయిస్ వర్తకుల ఊరు. 1764లో ఫ్రెంచ్ వర్తకుడు పియర్ లాక్లీడ్, అప్పటికింకా కుర్రవాడైన ఆగస్ట్ షూటో కలిసి, మిస్సోరీ నది మిసిసిపీలో కలిసే చోటికి కొంత దిగువన, వరద అందని సున్నపురాతి గట్టు మీద దాన్ని నెలకొల్పారు. అక్కడి ఆదివాసులైన ఓసేజ్ ప్రజలతో సాగిన జంతు చర్మాల వ్యాపారమే దానికి తొలి సంపద. ఆ గట్టును ఎంచుకోవడంలోని ముందుచూపు నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. సిన్సినాటి 1788లో భూముల అమ్మకంతో మొదలై, మరుసటి ఏడు కట్టిన ఫోర్ట్ వాషింగ్టన్ అనే సైనిక కోట అండతో నిలదొక్కుకుంది.

ఆవిరి పడవలొచ్చాక సిన్సినాటి ముందుకు దూసుకుపోయింది. చుట్టుపక్కల రైతులు తోలుకొచ్చిన పందుల మాంసాన్ని ఉప్పువేసి, పీపాలకెత్తి, దిగువ రేవులకు పంపేవారు. మిగిలిన కొవ్వు సబ్బులుగా, కొవ్వొత్తులుగా మారేది. 1850లో అక్కడ 1,15,435 మంది ఉంటే, సెయింట్ లూయిస్‌లో 77,860 మందే ఉన్నారు. అంతకు ముందు ఏడాదే సెయింట్ లూయిస్‌ను కలరా పీడించింది. వైట్ క్లౌడ్ అనే పడవలో పుట్టిన మంట రేవులోని పడవలను, ఒడ్డున ఉన్న వీధులను కాల్చివేసింది. అయినా పశ్చిమానికి వెళ్లే వలసదారులకు అదే వాకిలి కావడంతో, 1860 నాటికి రెండింటి జనాభాల తేడా మూడు వందలకు లోపే ఉంది. 1870 నాటికి సెయింట్ లూయిస్ స్పష్టంగా మించిపోయింది.