మింగకూడని మాత్ర: బ్యూప్రెనార్ఫిన్–నలాక్సోన్ మంచిచెడులు

హెరాయిన్, నల్లమందు లాంటివాటి అలవాటుకు చికిత్సగా ఇచ్చే మాత్ర ఇది. "ఈ మందు నాకు పడలేదు, ఏమీ పనిచేయలేదు" అనేవాళ్లను ముందుగా అడగాల్సింది ఒకటే: మింగారా, నాలుక కింద పెట్టుకున్నారా? మింగితే బ్యూప్రెనార్ఫిన్‌లో ఎక్కువ భాగం ఒళ్లంతా తిరగకముందే కాలేయం దగ్గర ఖర్చయిపోతుంది. నాలుక కింద సరిగ్గా కరిగించుకున్నా రక్తంలోకి చేరేది సుమారు మూడో వంతే. ఈ మాత్రకున్న చెడ్డపేరు చాలావరకు వాడే తీరు వల్ల వచ్చింది. మిగతాది నిజంగా దాని లోపమే, అదీ కిందే చెబుతాం.

ఇందులో రెండు మందులు ఉంటాయి. నాలుగు పాళ్లు బ్యూప్రెనార్ఫిన్, ఒక పాలు నలాక్సోన్. 2 మి.గ్రా. మాత్రలో 0.5, 8 మి.గ్రా. మాత్రలో 2 మి.గ్రా. నలాక్సోన్ అన్నమాట. నాలుక కింద అంటుకునే పల్చటి ఫిల్మ్ రూపంలోనూ దొరుకుతుంది. అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. బ్యూప్రెనార్ఫిన్‌ను, ఇదే చికిత్సలో వాడే మెథడోన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

హెరాయిన్, మార్ఫిన్, కోడీన్ కలిసిన దగ్గుమందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు. అలవాటు ఏ దారిన అంటుకున్నా, నల్లమందు జాతి మందులన్నీ మెదడులో చేరే చోటు ఒకటే. దాన్ని కుర్చీ అనుకుందాం. బ్యూప్రెనార్ఫిన్ ఆ కుర్చీ కోసం అందరికంటే గట్టిగా పోట్లాడుతుంది, అప్పటికే కూర్చున్నవాళ్లను లేపేస్తుంది, ఒకసారి కూర్చుంటే ఒక పట్టాన లేవదు. కానీ ఆ కుర్చీలో కూర్చుని చేసే పని మాత్రం సగమే. అందుకే ఒంటి నొప్పులు, వణుకు, మందు కావాలనే తపన తగ్గుతాయి గానీ, అలవాటు పడిన మనిషికి కిక్కు ఎక్కదు. డోసు ఒక స్థాయి దాటాక ఊపిరి మందగించడం కూడా ఇంకా పెరగదు. ఈ భద్రత ఈ మందు ఒక్కటే వాడినప్పుడే. అల్ప్రజోలం, డయజెపాం లాంటి నిద్ర, ఆందోళన మాత్రలో, మద్యమో తోడైతే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

మరి నలాక్సోన్ ఎందుకు? నాలుక కింద అది దాదాపు ఒంటికి పట్టదు. ఎవరైనా మాత్రను నూరి సూదితో ఎక్కించుకుంటే మాత్రం కుర్చీలోని మందును తోసేసి విత్‌డ్రాయల్, అంటే మందు ఆగితే వచ్చే బాధలు, తెప్పిస్తుంది. అంటే అది కాపలాకి పెట్టిన మందు. మొదటి రోజు బాధలకు దాన్నే తిట్టుకుంటారు గానీ, ఆ గొడవ చేసేది బ్యూప్రెనార్ఫినే.

ఆ మొదటి రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒంట్లో హెరాయిన్ ఇంకా కుర్చీలో ఉండగానే ఈ మాత్ర పెట్టుకుంటే, పూర్తిపని చేసే మందు ఒక్కసారిగా లేచిపోయి సగంపని చేసేది వచ్చి కూర్చుంటుంది. గంట తిరక్కముందే వాంతులు, విరేచనాలు, చెమటలు, నిలవనివ్వని ఆందోళన. మామూలుగా మెల్లగా వచ్చే విత్‌డ్రాయల్ అంతా ఒక్క దెబ్బన వచ్చిపడుతుంది. అది చవిచూసినవాళ్లు ఈ మాత్ర వైపు మళ్లీ కన్నెత్తి చూడరు. దీన్ని తప్పించాలంటే ఆగాలి. హెరాయిన్ లాంటి కొద్ది గంటలే పనిచేసే మందుల తర్వాత కనీసం 12 నుంచి 24 గంటలు, మెథడోన్ తర్వాత 24 నుంచి 72 గంటలు. మెథడోన్ నుంచి మారేవాళ్లకు ముందుగా దాన్ని రోజుకు 30 మి.గ్రా. లేదా అంతకంటే కిందికి దించుతారు.

గడియారం కంటే ఒంటిని నమ్మడం మేలు. విత్‌డ్రాయల్ ఎంత ఉందో కొలవడానికి డాక్టర్లు వాడే కౌస్ అనే స్కేలులో 11 అంశాలుంటాయి: నాడి వేగం, చెమట, కుదురు లేకపోవడం, కంటిపాప సైజు, ఒంటినొప్పులు, ముక్కు కళ్లు కారడం, కడుపు, వణుకు, ఆవులింతలు, చిరాకు, రోమాలు నిక్కబొడుచుకోవడం. మార్కులన్నీ కలిపి 12 దాకా వస్తే మొదలుపెట్టడం క్షేమం. "బాగా బాధగా ఉంది" అనే మాట కంటే విప్పారిన కంటిపాప, నిక్కిన రోమాలు ఎక్కువ నిజం చెబుతాయి. మొదట 2 లేదా 4 మి.గ్రా. ఇచ్చి, గంటా రెండు గంటలు చూసి, ఇబ్బంది లేకపోతే మళ్లీ ఇస్తారు. తొలిరోజు మొత్తం సాధారణంగా 8 మి.గ్రా.

అదే జాతిలో చాలా ఘాటైన ఫెంటనిల్ వాడినవాళ్ల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. రోజూ వాడితే అది కొవ్వులో పేరుకుని నెమ్మదిగా బయటికి వస్తుంటుంది, 24 గంటలు ఆగినా చాలకపోవచ్చు. అలాంటివాళ్లకు అర మి.గ్రా. దరిదాపుల్లో మొదలుపెట్టి కొన్ని రోజులపాటు మెల్లగా పెంచే పద్ధతి ఉంది, పాత మందు అప్పుడే ఆపక్కర్లేదు. డాక్టర్ చూస్తుండగా చేయాల్సిన పని ఇది, సొంతంగా ముక్కలు కోసి ప్రయోగాలు చేసేది కాదు. ఒకవేళ విత్‌డ్రాయల్ విరుచుకుపడితే, పాత మందుకు పరుగెత్తడం కాదు, చాలాసార్లు ఇంకొంచెం బ్యూప్రెనార్ఫినే ఇవ్వాలి. తోడుగా విత్‌డ్రాయల్ బాధలు తగ్గించే క్లోనిడిన్, వాంతుల మందు, విరేచనాలకు లోపెరమైడ్.

ఇక వాడే తీరు. ముందు ఒక గుక్క నీళ్లు తాగి నోరు తడుపుకోవాలి. మాత్ర నాలుక కింద పెట్టుకున్నాక కదిలించొద్దు, మాట్లాడొద్దు, ఉమ్మి మింగొద్దు. కరగడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అంతదాకా తినడం, తాగడం లేదు. రుచి చేదు, ఫిల్మ్ కొంత నయం, త్వరగానూ కరుగుతుంది. పూర్తిగా కరిగాక నోటినిండా నీళ్లు పోసుకుని పళ్ల చుట్టూ మెల్లగా తిప్పి మింగాలి. బ్రష్ మాత్రం గంట దాకా పెట్టకూడదు. పుప్పిపళ్లు, ఊడిపోవడం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో హెచ్చరిక ఇచ్చింది. నోట్లో కరిగే మందు పులుపు స్వభావంది, అందుకే ఈ జాగ్రత్త. చికిత్స మొదలయ్యే ముందే పళ్ల డాక్టర్‌కి చూపించుకుంటే మంచిది. ఈ ముక్క చాలా చోట్ల రోగికి చెప్పరు.

రెండో పెద్ద తప్పు, డోసు తక్కువ పెట్టడం. "మత్తుమందే కదా, తక్కువే మంచిది" అనుకుని 4 మి.గ్రా. దగ్గర ఆపేస్తారు. సాయంత్రానికి ఆవులింతలు, తెల్లవారుజామున చెమటలు, నడుమ ఎక్కడో పాత మందు జ్ఞాపకాలు. అవి డోసు చాలలేదనడానికి గుర్తులు. చాలామందికి రోజుకు 16 మి.గ్రా. అవసరమవుతుంది, కొందరికి 24 వరకు. మందు ప్రభావం రోజంతా నిలుస్తుంది కాబట్టి రోజుకోసారి చాలు. ఒంటినొప్పి కూడా ఉన్నవాళ్లకు అదే డోసును రెండు మూడు భాగాలుగా పంచి ఇస్తే మేలు.

లోపాలు: మలబద్ధకం మొండిగా ఉంటుంది, నీళ్లు, పీచు చాలక విరేచనకారి మందు వాడాల్సి రావచ్చు. తలనొప్పి, చెమట, నిద్రలేమి మొదటి వారాల్లో మామూలే. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ కలిపిన మాత్ర సరిపడదు. మత్తుమందుల కోసం చేసే మామూలు మూత్ర పరీక్షలో బ్యూప్రెనార్ఫిన్ కనిపించదు, దానికి విడిగా కిట్ ఉంటుంది. ఇది తెలియక "మాత్ర వేసుకోవట్లేదు" అని రోగిని అనుమానించడం ఎంత అన్యాయమో!

పోటీలో ఉన్న మందులు రెండు. మెథడోన్ పూర్తిపని చేసే మందు, అలవాటు బాగా ముదిరినవాళ్లను చికిత్సలో పట్టి ఉంచడంలో దానిది పైచేయి. కానీ చాలాచోట్ల రోజూ కేంద్రానికి వెళ్లి తాగాలి, మొదటి రెండు వారాల్లో డోసు తొందరగా పెంచితే ప్రాణం మీదికి వస్తుంది, గుండె లయనూ గమనించాలి. నాల్‌ట్రెక్సోన్ కుర్చీని అడ్డగిస్తుందే గానీ ఏ పనీ చేయదు. రోజుకు 50 మి.గ్రా. మాత్ర, లేదా నెలకోసారి 380 మి.గ్రా. ఇంజెక్షన్. మొదలుపెట్టాలంటే 7 నుంచి 10 రోజులు నల్లమందు జాతి మందు ఏదీ లేకుండా గడపాలి. చాలామంది ఆ గడప దగ్గరే పడిపోతారు. మాత్రను రోజూ వేసుకోవడం మరిచిపోయేవాళ్లకు, ఇంట్లో ఎవరైనా దొంగిలిస్తారనే భయం ఉన్నవాళ్లకు బ్యూప్రెనార్ఫిన్‌లోనే నెలకోసారి చర్మం కిందికి ఇచ్చే ఇంజెక్షన్ నయం.

"పది రోజుల్లో మాన్పిస్తాం" అనే చోట్లకు మా ఓటు లేదు. ఒంట్లోంచి మందు పోతుంది, తపన పోదు. పైగా ఒంటికున్న తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, ఇంటికొచ్చి పాత మోతాదు వేసుకుంటే అదే ప్రాణం తీస్తుంది. 2003లో స్వీడన్‌లో 40 మందిపై జరిగిన పరిశోధనలో సగంమందికి ఏడాదిపాటు రోజూ 16 మి.గ్రా. బ్యూప్రెనార్ఫిన్, మిగతా సగానికి ఆరు రోజులు తగ్గిస్తూ ఇచ్చి తర్వాత ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కౌన్సెలింగ్ అందరికీ ఒకటే. ఏడాది చివర మొదటి గుంపులో 75 శాతం చికిత్సలో ఉన్నారు, రెండో గుంపులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు. "ఒక మత్తు మాని ఇంకో మత్తు" అనేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి. రోజూ మాత్ర కావాల్సి రావడం వేరు, మాత్ర కోసం ఉద్యోగం, ఇల్లు, మాట అన్నీ పోగొట్టుకోవడం వేరు.

ఆపాలనుకుంటే తొందర వద్దు. నెలలు పట్టనివ్వాలి. 16 నుంచి 4కి దిగడం అంత కష్టం కాదు, చివరి 2 మి.గ్రా. దగ్గరే ఎక్కువమంది వెనక్కి వస్తారు. అలా వస్తే ఓటమి అనుకోకుండా డోసు మళ్లీ పెంచేయాలి. ఆపరేషన్ ఉందంటే అక్కడ మత్తు ఇచ్చే డాక్టర్‌కి చెప్పాలి గానీ, ముందే మానేయకూడదు. గర్భం వచ్చినా అంతే, మానితే తల్లికీ బిడ్డకీ ముప్పు.

మాత్రల పెట్టెకు తాళం తప్పనిసరి. చిన్నపిల్లల ఊపిరి ఆపడానికి ఒక్కటి చాలు. ఇంట్లో 4 మి.గ్రా. నలాక్సోన్ ముక్కు స్ప్రే ఉంచుకోవాలి, దాన్ని వాడటం నేర్పాల్సింది రోగికి కాదు, పక్కనున్నవాళ్లకి. మనిషి లేపినా లేవక, పెదాలు నీలంగా మారి, ఊపిరి నెమ్మదిస్తే ఒక ముక్కులో ఒకసారి కొట్టాలి, అంబులెన్స్ పిలవాలి, నోటితో ఊపిరి ఇవ్వాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే ఇంకో స్ప్రే రెండో ముక్కులో. తేరుకున్నా మనిషిని వదిలి వెళ్లొద్దు. ఒంట్లో ఉన్న మందు కంటే నలాక్సోన్ ముందే దిగిపోతుంది.