మేరీ రోచ్ రాసిన స్టిఫ్: మరమరాలు తింటూ మాత్రం చదవకండి

పార్సిల్ విప్పగానే ఈ పుస్తకం అమ్మ కంట్లో పడింది. అట్ట మీద శవం పాదాలు, వేలికి కట్టిన చీటీ. "శుభం పలకరా మంకెన్నా అంటే పెళ్ళికూతురు ముండెక్కడా అన్నాడంట, శ్రావణమాసంలో ఇంటికి తెచ్చే వస్తువేనా ఇది" అని పూజగది తలుపు దగ్గరికి వేసేసింది. ఏం చేస్తాం, నాకీ పిచ్చి ఎప్పట్నుంచో ఉంది. చావు గురించి, ఒంట్లో సంగతుల గురించి గంభీరంగా రాస్తే రెండు పేజీలకే ఆవలింతలొస్తాయి, అదే కాస్త వెటకారం కలిపి రాస్తే మాత్రం రాత్రి రెండింటి దాకా కూర్చుంటా.

బుక్ 2003లో వచ్చింది, నేను లేటు. రచయిత్రి డాక్టర్ కాదు, అదే ప్లస్ అయింది, మనం అడగడానికి మొహమాటపడేవన్నీ ఆవిడ వెళ్ళి అడిగేస్తుంది. టాపిక్ ఒకటే, పోయినవాళ్ళ శరీరాలు ఆ తర్వాత ఏం పనికొస్తాయి అని. మొదట్లోనే ప్లాస్టిక్ సర్జన్లు ఫేస్‌లిఫ్ట్ ప్రాక్టీసు చేసుకోడానికి 40 తలకాయలు, ఒక్కోటి ఒక్కో అల్యూమినియం ట్రేలో, అవేమో కోడిని రోస్ట్ చేసుకునే ట్రేలు. ముందు ఒళ్ళు జలదరించింది, తర్వాత నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది, ఇంక బుక్కంతా ఇదే వరస.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో నాక్స్‌విల్ అనే ఊళ్ళో యూనివర్సిటీ వాళ్ళు శవాల్ని ఆరుబయట పడేసి ఏ రోజుకి ఎంత కుళ్ళిందో రాసుకుంటారు, మనిషి పోయి ఎన్నాళ్ళయిందో పోలీసులకి చెప్పడానికి అదే ఆధారం. అక్కడ చెవి దగ్గర పెట్టి వింటే పురుగులు తినే చప్పుడు పాలల్లో రైస్ క్రిస్పీస్, అంటే మన మరమరాల్లాంటివే, వేసినట్టుంటుందట. నేనా టైముకి మరమరాల మిక్చర్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉన్నా. గిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశా.

నాకు బాగా గుచ్చుకుంది ఎంబామింగ్ చాప్టర్, అంటే శవం పాడవకుండా మందులెక్కించి చూడ్డానికి తయారుచేయడం. మనకి ఐస్ బాక్సు తెప్పించి కావాల్సినవాళ్ళు వచ్చేదాకా ఆగడం, ఆ తర్వాత కాటికి, అంతే కదా. అమెరికాలో అయితే కనురెప్పలు తెరుచుకోకుండా లోపల చిన్న ప్లాస్టిక్ డిప్పలు పెడతారు, నోరు తెరుచుకోకుండా లోపల్నుంచి కుట్టేస్తారు. మా ఊరి పెద్దాయన ఒకాయన దుబాయ్‌లో పోతే బాడీ శంషాబాద్ వచ్చి అక్కణ్ణుంచి ఊరికొచ్చింది, మొహం అచ్చం నిద్రపోతున్నట్టే ఉంది, పుణ్యాత్ముడు కాబట్టే ఆ కళ అన్నారు అందరూ. పుణ్యం సంగతి నాకు తెలీదు గానీ ఆ కళ వెనకాల మొహం కూడా తెలీని ఎవరో పనివాడి చేతులున్నాయని ఇప్పుడు తట్టింది, నవ్వురాలేదు.

కార్లకి గుద్దించే శవాల గురించి చదివి తీరాలి. కారు టెస్టుల్లో మనిషి బదులు కూర్చోబెట్టే బొమ్మ ఎంత దెబ్బ తగిలిందో చెప్తుంది గానీ ఆ దెబ్బకి మనిషి పక్కటెముక విరుగుతుందో లేదో చెప్పలేదు కదా. అందులో లెక్కొకటి ఇచ్చింది, సీటు బెల్టు టెస్టుల్లో కూర్చున్న ఒక్కో శవం పేరు చెప్పుకుని ఏడాదికి 61 మంది, ఎయిర్‌బ్యాగ్ మొహాన కొట్టించుకున్న ఒక్కోదానికి 147 మంది బతుకుతున్నారంట. బతికుండగా మనం ఏం చేసినట్టు అని కాసేపు ఆలోచనలో పడ్డా.

జోకులెక్కువ కదా పోయినవాళ్ళని వెక్కిరిస్తుందేమో అని డౌటొస్తుంది, అలా కాదు, ఆవిడ వెటకారమంతా తన మీద, బతికున్న మన మొహమాటాల మీద. 1996లో 230 మంది పోయిన టీడబ్ల్యూఏ 800 విమానం గురించి, గాయాల్ని బట్టే అది బాంబు కాదని ఒకాయన తేల్చడం గురించి రాసేటప్పుడు గొంతే మారిపోతుంది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో కథ మాత్రం చీకటి కామెడీనే, 1828లో బర్క్, హేర్ అనే ఇద్దరు 16 మందిని చంపి శవాల్ని అనాటమీ డాక్టరుకి అమ్ముకున్నారు, దొరికాక బర్క్‌ని ఉరితీసి అతన్ని కూడా టేబుల్ మీదే కోశారు, అస్థిపంజరం ఇప్పటికీ అక్కడే ఉంది.

బోర్ కొట్టినవీ ఉన్నాయి. శిలువ మీద శవాన్ని మేకులతో కొట్టి చూసిన ఫ్రెంచి డాక్టరు కథ సాగుతూనే ఉంటుంది. చైనాలో శవాల మాంసంతో డంప్లింగ్స్ అమ్మారన్న వార్త నిజమేనా అని హైనాన్ దాకా విమానమెక్కి వెళ్ళింది, తీరా అక్కడి వాళ్ళు అలాంటిదేం లేదన్నారు, టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలన్నట్టు చాప్టర్ లాగింది.

మా పిన్ని కూతురు మెడిసిన్ ఫస్టియర్, దానికి చూపిస్తే "అక్కా, మా టేబుల్ మీద తాత పేరు కూడా మాకు చెప్పలేదే" అంది. ఏచూరి సీతారాం గారు 2024లో పోయినప్పుడు బాడీని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చారని న్యూస్‌లో చూసి స్క్రోల్ చేసేసిన దాన్ని, ఇప్పుడు దాని మీద ఇంట్లో మాట ఎత్తాను, నాన్న టీవీ సౌండు పెంచారు.

ఇంగ్లీషు తేలికే, ఫుట్‌నోట్స్ మాత్రం వదలొద్దు, సగం నవ్వులు అక్కడే దాచింది. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయుంటే కొన్నాళ్ళాగి కొనుక్కోండి. నేనైతే 5కి 4 ఇస్తా, అమ్మ చదవకుండానే సున్నా వేసి బుక్కుని చెప్పుల స్టాండు మీద పెట్టింది.