వంతెన దాటితే రోమింగ్

ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడి వాళ్లకు రోమింగ్ అంటే ఏమిటో విమానం ఎక్కకముందే తెలుసు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నంలో అడుగు పెడితే చాలు, ఒకప్పుడు ఫోను ఒడిశా టవర్ వదిలి ఆంధ్ర టవర్ పట్టుకునేది. అక్కడ కూరగాయలు బేరమాడుతుండగా ఇంటి నుంచి ఫోను వస్తే, ఎత్తినందుకు మనకే డబ్బు కోసేవారు. పాతపట్నం నుంచి వచ్చే బేరాలు ఎక్కువని మా వారు బట్టల కొట్టు కోసం రెండో సిమ్ము అక్కడే తీసుకున్నారు. ఆ స్థోమత లేనివాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ తీసేసి, ఒడిశా టవర్‌ను చేత్తో ఎంచుకునేవారు. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో వచ్చే కాల్స్‌ను ఉచితం చేసింది. మరుసటి ఏడాది జియో వచ్చాక మిగతా కంపెనీలూ దారికి వచ్చాయి. మేమూ ఆ విద్య మరిచిపోయాం. మళ్లీ దానితో పని పడింది 2024 నవంబరులో, మలేషియా చివరన జోహోర్ బారులో, ఒక హోటల్ గది కిటికీ పక్కన.

ప్రయాణం మా అత్తయ్య కోరిక. ఆవిడ మేనత్త పెళ్లయిన ఏడాదే మలయా, అంటే ఇప్పటి మలేషియా, వెళ్లిందట, మళ్లీ రాలేదు. ఎక్కడ ఉన్నారో, అసలు ఎవరైనా మిగిలారో తెలియదు. "వెతకడానికి కాదు, ఆ నేల చూసి వద్దాం" అన్నారు. మేము వెళ్లేనాటికి మలేషియాకు మనవాళ్లకు వీసా అక్కర్లేదు. సింగపూర్‌కు మాత్రం ఏజెంటు ద్వారా తీసుకోవాలి, రుసుము 30 సింగపూర్ డాలర్లు. వెళ్లేటప్పుడు విశాఖ నుంచి కౌలాలంపూర్, వచ్చేటప్పుడు సింగపూర్ నుంచి విశాఖ టికెట్లు తీసుకున్నాం.

ఫోన్ల సంగతి చివరి రోజుకు వదిలేశాం, అదే పొరపాటు. మా వీధి చివర రీఛార్జి కొట్టు అబ్బాయికి విదేశీ ప్యాక్ అనగానే నవ్వొచ్చింది. తన పదేళ్ల వ్యాపారంలో ఎవరూ అడగలేదట. మా వారే కంపెనీ యాప్‌లో వెతికి తన ఒడిశా సిమ్ముకు మలేషియాకు మాత్రమే పనికివచ్చే ప్యాక్ వేసుకున్నారు. నాది రోమింగ్ తెరిపించి వదిలేశాను, డేటా కోసం అక్కడి సిమ్ము కొనవచ్చని. అత్తయ్యది బటన్ ఫోను, దానికీ రోమింగ్ తెరిపించాం. మా వారి పాతపట్నం సిమ్ము ఎవరికీ గుర్తు రాలేదు. బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉన్నది ఆ నంబరే అని కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

కౌలాలంపూర్ విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో దిగగానే అత్తయ్య ఫోను టింగుమంది, స్వాగతం చెప్పే మెసేజ్ వచ్చింది. మా వారి ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఇంటర్‌నెట్ రాలేదు. ప్యాక్ మోసం అని ఆయన అక్కడే తీర్పు చెప్పేశారు. అసలు సంగతి, ప్యాక్ కొన్నా ఫోనులో డేటా రోమింగ్ అనే మీట విడిగా నొక్కాలి. కంపెనీలు అమ్మేటప్పుడు ఈ మాట పెద్ద అక్షరాల్లో చెప్పవు. మీట నొక్కి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అరనిమిషం ఆగి తీశాక నెట్ వచ్చింది. ఫ్లైట్ మోడ్ అంటే విమానం కోసమే అనుకుంటాం గానీ, ఫోను కొత్త ఊళ్లో టవర్లను మొదటి నుంచి వెతుక్కునేలా చేసేది అదే.

నా పద్ధతి చవక. విమానాశ్రయంలోనే వరసగా సిమ్ము కౌంటర్లు ఉన్నాయి. పాస్‌పోర్టు చూపిస్తే అయిదు నిమిషాల్లో వారానికి సరిపడా డేటా ఉన్న సిమ్ము ఇచ్చారు, 35 రింగిట్‌లు. రింగిట్ అప్పుడు మన 19 రూపాయల దగ్గర ఉంది. కౌంటర్ అమ్మాయి నా ఒడిశా సిమ్ము తీసేయబోతే వద్దన్నాను. అది మొదటి అరలో, డేటా రోమింగ్ ఆపి. కొత్తది రెండో అరలో. ఇలా ఉంటే బ్యాంకు ఓటీపీలు పాత నంబరుకు వస్తూనే ఉంటాయి. సిమ్ము తీసేస్తే డబ్బు పంపే యాప్‌లు మనల్ని గుర్తుపట్టవు. వాట్సాప్ పాత నంబరు మీదే నడుస్తుంది.

ఊళ్లోకి వేగం రైలుకు మనిషికి 55 రింగిట్‌లు, అరగంట. బస్సుకు దాంట్లో మూడోవంతు కూడా కాదు, కానీ గంట పైనే. ముగ్గురం, సామాను, తెల్లవారుజాము. బస్సే ఎక్కాం, అత్తయ్య నిద్రపోయారు కనుక నష్టమేమీ లేదు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్న హోటల్ స్టేషన్‌కు నడిచే దూరం, కింద ఇడ్లీ దొరుకుతుంది, గది శుభ్రం. వైఫై మాత్రం కింద వరండాలోనే. గదిలోకి కూడా వస్తుందని బుకింగ్‌లో రాసుకున్నారు. అడిగితే వర్షం అన్నారు. వర్షం మరునాడు లేదు, వైఫై మరునాడూ లేదు. అయినా ఆ చోటుకు మళ్లీ వెళ్తాను. టీ కొట్టులో ఒక పెద్దాయన మా మాట విని, తన తాతగారిది శ్రీకాకుళం వైపు అని చెప్పారు. ఆయన తెలుగులో ఇంగ్లిష్ కన్నా మలయ్ మాటలే ఎక్కువ. "గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది" అని మా వారు గొప్పగా చెబితే, ఆయన మర్యాదగా తల ఊపారు. అత్తయ్య మాత్రం ఆయనతో గంటసేపు మాట్లాడారు. మేనత్త పేరు అడిగారో లేదో నాకు చెప్పలేదు.

బటూ గుహలకు స్టేషన్ నుంచి లోకల్ రైలుంది. 272 మెట్లు, కింద 140 అడుగుల మురుగన్ విగ్రహం. అత్తయ్య మెట్లు ఎక్కలేక కిందే కూర్చున్నారు. పైకి వెళ్లాక నా మలేషియా సిమ్ము నుంచి ఆవిడకు ఫోను చేశాను. ఆ కాల్ మెట్ల పైనుంచి భారతదేశం వెళ్లి, అక్కడి నుంచి మెట్ల కిందికి వచ్చింది: ఆవిడ నంబరు భారతదేశానిది కనుక నాకు విదేశీ కాల్, ఆవిడకు రోమింగ్‌లో వచ్చిన కాల్. ఇద్దరికీ కోత. "కేక వేస్తే వినిపించేది కదమ్మా" అన్నారు అత్తయ్య. ఇంకో సంగతి అప్పుడే తెలిసింది: పది అంకెలతో దాచుకున్న నంబర్లు అక్కడ కలవవు, ముందు ప్లస్ 91 ఉండాలి. నాకు వంద నంబర్లు దిద్దే ఓపిక లేక ముఖ్యమైన ఏడింటికే చేర్చాను.

ఆ రాత్రే జోహోర్ బారు బస్సు టికెట్లకు మా వారు కార్డు వాడితే ఓటీపీ పాతపట్నం సిమ్ముకు వెళ్లింది. ఫోనులోనే ఉంది సిమ్ము, కానీ దానికి రోమింగ్ లేదు కనుక రెండో అర ఖాళీగా ఉన్నట్టే. యాప్‌లో తెరిపిద్దామంటే యాప్ ఆ నంబరుకే ఓటీపీ పంపుతానంటుంది. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు. చివరికి ఒడిశా సిమ్ము నుంచి కస్టమర్ కేర్‌కు చేశాం. ఒడిశా నంబరు కనుక ఒడియాలో పలికారు. కౌలాలంపూర్ వరండాలో కూర్చుని మా వారు ఒడియాలో తన పుట్టిన తేదీ, చిరునామా, చివరి రీఛార్జి మొత్తం అప్పగించారు. ఆ అమ్మాయి ఓపికకు మెచ్చుకోవాలి, ఇరవై నిమిషాల్లో రోమింగ్ తెరిచింది. మరో గంటకు ఓటీపీలు మూడు కలిసి వచ్చాయి, మూడూ గడువు దాటినవే. మెసేజ్ అందుకోవడానికి మాకు డబ్బు పడలేదు, అది నిజం. కానీ విదేశాల నుంచి చేయగల కంపెనీ కస్టమర్ కేర్ నంబరును బయలుదేరకముందే కాగితం మీద రాసుకోండి. మేము వైఫైలో వెతికి పట్టాం.

బస్సు బాగుంది. నాలుగున్నర గంటలు, వెడల్పు సీట్లు, మన రాత్రి బస్సుల్లా పాటల హోరు లేదు. జోహోర్ బారును ఎంచుకున్నది ఖర్చు చూసి. సింగపూర్‌లో ఒక రాత్రి గదికి ఇక్కడ మూడు రాత్రులు వస్తాయి. పన్నెండో అంతస్తు, కిటికీలోంచి జలసంధి, అవతల సింగపూర్ దీపాలు. అద్దాల ముక్కలతో కట్టిన రాజకాళియమ్మన్ గుడి నడక దూరం. అత్తయ్యకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చింది ఆ గుడే.

కిటికీ పక్క మంచం మా వారిది. పొద్దున లేచేసరికి ఫోనులో 300 రూపాయల బ్యాలెన్సు సున్నా, పైన సింగపూర్ స్వాగతం మెసేజ్. మేమింకా మలేషియా మంచం మీదే ఉన్నాం! నీళ్ల అవతలి టవర్ కిటికీలోంచి బలంగా పడింది. మా వారి సిమ్ముకు రెండూ పరాయి దేశాలే కనుక అది రాత్రి అటు మొగ్గింది. ప్యాక్ మలేషియాకే కనుక సింగపూర్ డేటాకు విడిగా కోత. నా మలేషియా సిమ్ముకు ఏమీ కాలేదు, దానికి సొంత టవర్ అందుతున్నంత సేపు అటు చూడదు. స్నానాల గదిలోకి వెళ్తే మలేషియా, కిటికీ దగ్గరికి వస్తే సింగపూర్. ఆయన లుంగీ కట్టుకుని రెండింటి మధ్యా మూడుసార్లు నడిచి నిర్ధారించుకున్నారు. అప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "పాతపట్నం" అన్నారు ఆయన. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ తీసేసి, రెండు సిమ్ములకూ మలేషియా నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకున్నారు. పదేళ్ల కిందట ఏ వేలు ఎక్కడ నొక్కిందో ఆ వేలే మళ్లీ నొక్కింది. డబ్బు తిరిగి ఇవ్వమని యాప్‌లో అడిగాం. నిబంధనల ప్రకారమే జరిగిందని జవాబు వచ్చింది. సరిహద్దు ఊళ్లో గది తీసుకునేవాళ్లు కిటికీ అందం చూసి ముచ్చటపడే ముందు ఫోను పైన ఏ దేశపు నెట్‌వర్క్ పేరుందో చూసుకోవాలి.

సింగపూర్‌కు 170 నంబరు బస్సులో వెళ్లాం. రెండు దేశాలనూ కలుపుతూ జలసంధి మీద కట్టిన గట్టు పొడవు కిలోమీటరు, 1924లో తెరిచారు, మేము దాటిన ఏడాదికి నూరేళ్లు. కిలోమీటరు దాటడానికి రెండున్నర గంటలు పట్టింది. మలేషియా వైపు సామానుతో దిగి ముద్ర వేయించుకుని ఎక్కాలి, సింగపూర్ వైపు ఉడ్‌ల్యాండ్స్‌లో మళ్లీ దిగాలి. మనం దిగిన బస్సు ఆగదు, అదే నంబరు తరువాతి బస్సు ఎక్కవచ్చు, టికెట్ పారేయకూడదు. శనివారం వెళ్లకండి. జోహోర్ నుంచి అయిదు నిమిషాల రైలు కూడా ఉంది, అయిదు రింగిట్‌లే, కానీ టికెట్లు ముందే అయిపోతాయి. సింగపూర్ రాక కార్డు మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపవచ్చు. వరసలో ముందున్న కుటుంబం ఏదో వెబ్‌సైటులో దానికి డబ్బు కట్టి వచ్చింది.

ఉడ్‌ల్యాండ్స్ వరసలో మా వారి ఫోను ఇంకా మలేషియాను పట్టుకునే ఉంది. నా ఒడిశా సిమ్ముకు సింగపూర్ కోసం రెండు రోజుల ప్యాక్ వేసుకున్నాను. గీతలు నిండుగా ఉన్నా నెట్ లేదు. ఈసారి కారణం వేరు: ఫోను పట్టుకున్నది ప్యాక్ చెల్లే కంపెనీని కాదు. ప్యాక్ వివరాల్లో ఉన్న పేరును జాబితాలో ఎంచుకుంటే వచ్చింది. ఎక్కువమంది ఇక్కడే ప్యాక్ దండగ అని వదిలేస్తారు.

అత్తయ్య బటన్ ఫోను మాత్రం లేవలేదు. సర్వీసు లేదు అనే మాట తప్ప ఏమీ లేదు. ఫ్లైట్ మోడ్ దానికి లేదు, బ్యాటరీ తీసి పెట్టాం, సిమ్ము తుడిచాం. లిటిల్ ఇండియాలో ఫోన్ల కొట్టాయన దాన్ని చూడగానే నవ్వి వెనక్కి ఇచ్చారు. ఆ ఫోను పట్టుకోగలిగింది 2జీ, అంటే పాత రెండో తరం సిగ్నల్ ఒక్కటే, సింగపూర్ 2017 ఏప్రిల్‌లోనే దాన్ని మూసేసింది. మలేషియాలో 3జీ 2021తో పోయినా 2జీ ఉంది కనుక అక్కడ పలికింది. ఇక్కడ ఆ ఫోనుకు వినబడే భాషే లేదు. రెండు రోజులూ ఆవిడ చెయ్యి వదలకుండా తిరిగాం, శ్రీనివాస పెరుమాళ్ గుడిలో కూడా.

సింగపూర్ లాడ్జి గది పెట్టె తెరిస్తే తలుపు తెరుచుకోనంత. ధర చెబితే మా అమ్మ నమ్మదు. వైఫై మాత్రం మంచం కింద కూడా పరుగెత్తింది. డబ్బుకు విలువ జోహోర్‌దే, సుఖం కౌలాలంపూర్‌ది. ఇక్కడ ఒక రాత్రి చాలు.

విశాఖలో దిగాక మా ఇద్దరి ఫోన్లలోనూ సర్వీసు లేదు. కారు డ్రైవర్ ఎక్కడున్నాడో తెలియదు, బయట వాన. ఫ్లైట్ మోడ్ తీసి పెట్టాం, ఫోను ఆపి తెరిచాం. మా వారు కంపెనీని తిడుతుండగా అత్తయ్య చేతిసంచీలోంచి టింగుమంది, వెంటనే రింగు కూడా. డ్రైవరే. మూడో నంబరుగా ఆవిడది ఇచ్చినట్టు నాకే గుర్తు లేదు. మా ఫోన్లు రెండూ ఇంకా చేత్తో ఎంచిన పరదేశపు టవర్ల కోసం విశాఖ వానలో వెతుకుతున్నాయి.