ఎప్కాట్ కళల పండుగలో ఏ ప్లేటు మేలు?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లోని ఎప్కాట్ పార్కులో ఏటా జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా కళల పండుగ జరుగుతుంది. 2017లో మొదలైంది. బొమ్మలు, కచేరీలు ఒకెత్తు, తిండి ఒకెత్తు. ఇక్కడి స్టాళ్లను ఫుడ్ స్టూడియోలంటారు. అన్నీ చిన్న ప్లేట్లే, చాలావాటి ధర 5 నుంచి 10 డాలర్ల మధ్య, పన్ను అదనం. పార్కు టికెట్ ఉంటే పండుగకు వేరే టికెట్ అక్కర్లేదు. కానీ నలుగురున్న కుటుంబం కనబడిందల్లా కొంటే వంద డాలర్లు ఇట్టే దాటిపోతాయి. అందుకే ముందే ఎంచుకుని వెళ్లాలి.

ఎంచుకోవడానికి మంచి కొలత ఒకటుంది. స్టాల్లో పూర్తి వంటగది ఉండదు. చాలావరకు ముందే వండి తెచ్చినవాటిని వేడి పెట్టెల్లోనో చల్ల పెట్టెల్లోనో ఉంచి, ఆర్డరు రాగానే ప్లేట్లో పేరుస్తారు. కాబట్టి చల్లగా తినేవి, ఎంతసేపు వేడి మీద ఉన్నా చెడనివి బాగుంటాయి. అప్పటికప్పుడు పొయ్యి మీంచి దించాల్సినవి దెబ్బతింటాయి.

ముందు వేడివాటి సంగతి. గోర్మే ల్యాండ్‌స్కేప్స్ స్టాల్లో పుట్టగొడుగుల రిసోటో, పాప్ ఈట్స్ స్టాల్లో టమాటా సూపు, గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ ఏళ్లుగా పేరున్నవి. రిసోటో అంటే పొట్టి ఇటాలియన్ బియ్యాన్ని వేడి రసం గరిటె గరిటెగా పోస్తూ ఇరవై నిమిషాల లోపు ఉడికించేది. గింజలోని పిండి కొద్దికొద్దిగా బయటికొచ్చి చిక్కదనం ఇస్తుంది. దించాక కూడా గింజ తడి పీల్చుకుంటూనే ఉంటుంది. కలిపి పెట్టిన దద్దోజనం గంటకల్లా గట్టిపడ్డట్టే ఇదీ ముద్దకడుతుంది. ప్లేటు కాస్త వంచితే రిసోటో నెమ్మదిగా జారాలి. ముద్దలా కదలకుండా కూర్చుంటే అది చాలాసేపటి కిందటిదన్నమాట. అందుకే దీన్ని మధ్యాహ్నం పన్నెండున్నర, రెండు మధ్య, క్యూ ఉన్నప్పుడే తీసుకోండి. గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది, కొత్త గిన్నె వస్తుంది. నాలుగింటికి క్యూ లేదని సంబరపడి కొంటే నష్టమే.

టమాటా సూపుకు ఆ బాధ లేదు. ఎంతసేపు సన్నని సెగ మీదున్నా రుచి తగ్గదు. అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1962లో గీసిన సూపు డబ్బాల బొమ్మలను గుర్తుచేసేలా దీన్ని డబ్బాలో ఇవ్వడం పిల్లలకు సరదా. శాండ్‌విచ్‌ను మాత్రం వెంటనే తినాలి. చీజ్ చల్లారితే రబ్బరులా గట్టిపడుతుంది. జనవరి సాయంత్రాల్లో ఓర్లాండోలో పది డిగ్రీల దాకా చలి పడుతుంది, అప్పుడు రిసోటో కంటే ఈ సూపే మేలు. ఒక్క ఇబ్బంది: శాండ్‌విచ్ లోపల బేకన్, అంటే పంది మాంసం, ఉల్లిపాయతో కలిసి ఉంటుంది. పంది తిననివారికి రిసోటోయే దారి. అయితే అందులో పోసిన రసం కోడిదా, కూరగాయలదా అని అడిగి తీరాలి. పైన చల్లే పార్మెజాన్ చీజ్ కోసం పాలను దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో విరగ్గొడతారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లు చీజ్ వద్దనాలి, వండేటప్పుడే కలిపేశారంటే ప్లేటునే వదిలేయాలి.

తీపిలో పోటీ గట్టిది. డీకన్‌స్ట్రక్టెడ్ డిష్ అనే స్టాల్లో అందరికీ తెలిసిన వంటకాన్ని విడగొట్టి, భాగాలను వేర్వేరుగా పేర్చి ఇస్తారు. అక్కడి కీ లైమ్ పై (పై అంటే గిన్నెలాంటి బిస్కెట్ అడుగులో మీగడో పళ్లో నింపి చేసే తీపి వంట) ఫ్లోరిడా సొంత వంట, 2006 నుంచి ఆ రాష్ట్రానికి అధికారిక పై కూడా. కీ లైమ్ అంటే మన చిన్న నిమ్మకాయే, గూడూరు, తెనాలి మార్కెట్లకు వచ్చే జాతే. అసలు పైలో కండెన్స్‌డ్ మిల్క్, గుడ్డు సొన, నిమ్మరసం కలుపుతారు. పులుపు తగలగానే పాలు చిక్కబడతాయి. ఇక్కడ ఆ నిమ్మ మీగడ వంగేలా పట్టీగా, పక్కన నిమ్మ మూస్ (నురగలాంటి మెత్తటి మీగడ), బిస్కెట్ రుచిగల కేకు ముక్క, మెరింగ్‌లు (గుడ్డు తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి చేసే కరకర బిళ్లలు) వస్తాయి. విడివిడిగా తింటే మూస్ తియ్యగా, పట్టీ పుల్లగా అనిపించి చాలామంది పెదవి విరుస్తారు. చెంచాలోకి నాలుగూ కొద్దికొద్దిగా తీసుకుంటేనే అసలు కీ లైమ్ పై రుచి వస్తుంది. మెరింగ్‌లు గాలిలో తేమకు మెత్తబడతాయి, వాన రోజున ముందు వాటి సంగతే చూడండి.

పాప్ ఈట్స్‌లోని బాదం ఫ్రాంజిపాన్ (బాదం పొడి, వెన్న, గుడ్డు కలిపిన ముద్ద) కేకుది వేరే దారి. డచ్ చిత్రకారుడు మాండ్రియన్ గీసిన ఎరుపు, నీలం, పసుపు గళ్ల బొమ్మలా పైన రంగులుంటాయి, లోపల రాస్ప్‌బెర్రీ జామ్, బెల్జియం చాక్లెట్. బాదంలోని నూనె వల్ల ఎండిపోదు. డబ్బాలో పెట్టి సాయంత్రం తిన్నా చెక్కుచెదరదు. చేతిలో పట్టుకు తిరిగే పిల్లలకు ఇదే మేలు. రుచికైతే నా ఓటు కీ లైమ్‌కే. ఆ పులుపు మన నాలుకకు తెలిసినదే, తీపి మరీ మొహం మొత్తదు. రెండిట్లోనూ గుడ్డుంది. మూస్ లాంటివాటిలో జెలటిన్ ఉండే అవకాశం ఎక్కువ, అది పశువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు.

డీకన్‌స్ట్రక్టెడ్ డిష్ స్టాల్లో ఉల్లిపాయ సూపు పేరు చూసి శాకాహారమనుకోవద్దు. ఆ సూపు రసం మామూలుగా గొడ్డు మాంసానిదే. పార్కులో ఒక్కో దేశం పేరిట సరస్సు చుట్టూ పెవిలియన్లున్నాయి. వాటిలో జపాన్ వైపు గోషికి స్టాల్లో సుషీ డోనట్ (డోనట్‌లా గుండ్రంగా పేర్చిన జపాన్ అన్నం వంటకం) చూడ్డానికి పండుగలో అన్నిటికంటే అందంగా ఉంటుంది. కానీ అందులో పచ్చి చేప ఉంటుంది, గర్భిణులు వద్దనుకోవడమే మంచిది. మెనూలో వాగ్యూ అని రాసి ఉంటే అది జపాన్ జాతి పశువుల గొడ్డు మాంసమే.

పట్టింపులున్న ఇంటికి అన్నిటికంటే పనికొచ్చేది మెనూలో ఆకు గుర్తు. అది ఉన్న ప్లేటులో మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ ఉండవు. గుర్తు లేనిది శాకాహారమని ఊహించుకోవద్దు. ప్రతి స్టాల్లోనూ అలర్జీ వివరాలుంటాయి, అడిగితే చూపిస్తారు. మెనూ ఏటా కొంత మారుతుంది కాబట్టి వెళ్లే వారం డిస్నీ యాప్‌లో చూసుకోండి.

పండుగ జాబితాలోని ఐదు వేర్వేరు రంగుల వంటకాలు కొని, పండుగ పుస్తకంలో ముద్రలు వేయించుకుంటే చివర ఓ చిరు కానుకిచ్చే ఆట కూడా ఉంది. ఐదిటికీ కలిపి 30, 40 డాలర్లవుతాయి. ఆ జాబితాలో మీ ఇంట్లో తినేవి కనీసం నాలుగుంటేనే దిగండి. కానుక కోసం తినని ప్లేటు కొనడం దండగ. ఎప్కాట్ ఊదారంగు డ్రాగన్ ఫిగ్మెంట్ బొమ్మతో వచ్చిన పాప్‌కార్న్ డబ్బా కోసం 2022లో జనం గంటల తరబడి నిలబడ్డారు. అప్పట్లో దాని ధర 25 డాలర్లు, ఆ డబ్బుతో మూడు మంచి ప్లేట్లొస్తాయి.

దేశాల పెవిలియన్లు ఉదయం 11కి తెరుస్తారు. సరస్సు చుట్టూ నడక దాదాపు రెండు కిలోమీటర్లు. కౌంటర్ హోటళ్లలో అడిగితే చల్లటి మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు, సీసా కొనక్కర్లేదు. బయటి తిండి లోపలికి రానిస్తారు. గాజు సీసాలు, మద్యం మాత్రం వద్దంటారు. పెద్దవాళ్లు వెంట ఉంటే ప్లాస్టిక్ డబ్బాలో పులిహోర పెట్టుకెళ్లండి. కడుపు దానితో నింపి, డబ్బులు రిసోటో, కీ లైమ్‌ల మీద ఖర్చుపెట్టొచ్చు.