రాత్రి నాటకాలకు ఫుల్‌ఫ్రేమ్: డీ7200 నుంచి డీ750కి మారాక

చీకటి స్టేజీ మీద పద్యం పాడుతున్న ఒక మనిషి ముఖం. ఆ ఒక్కదాని కోసమే నేను పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ (వెలుగును పట్టే భాగం) ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొన్నాను. ఆ ఒక్క పనిలో పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటైంది. మిగతా పనుల సంగతి వేరు, అదీ చెబుతాను.

చిన్న సెన్సర్ ఉన్న నికాన్ డీ7200 వాడుతూ సెకండ్ హ్యాండ్‌లో డీ750కి మారాను. అప్పటి నుంచి ఏళ్లు గడిచాయి. పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి జత దొరకదనుకుంటా. రెండూ 24 మెగాపిక్సెళ్లే. బ్యాటరీ ఒకటే, కార్డులు అవే, మీటలు చాలావరకు తడుముకోకుండానే వేలికి అందుతాయి. చీకట్లో ఫోకస్ పట్టే శక్తి కూడా కాగితం మీద రెండిటికీ ఒకటే, మైనస్ 3 ఈవీ (ఈవీ అంటే వెలుగు కొలత). అంటే నేను అదనంగా పెట్టిన డబ్బంతా దాదాపు సెన్సర్ సైజుకే పోయింది. కాబట్టి నా మాటలన్నీ దాని గురించే.

మా ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్లంటే పగలు గిత్తల బండలాగుడు, రాత్రి పద్యనాటకం. ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో ఈ రెండిటి వెంటా తిరుగుతాను. ఒకటి మండే ఎండలో దూరం నుంచి తీసేది, రెండోది నడిరాత్రి స్టేజీకి ఆనుకుని కూర్చుని తీసేది. అందుకే ఏ కెమెరా బాగుంటుందని ఎవరైనా అడిగితే ముందు పగలా రాత్రా అని అడుగుతాను.

పల్లెటూరి స్టేజీ లైటింగ్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. పైన రెండు ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు, పక్కన రంగులు మారే పార్ లైట్లు, అంతే. ఫ్లడ్‌లైటు నెత్తిమీద నుంచి కొడుతుంది కాబట్టి కిరీటం ధగధగలాడుతుంది, దాని కింద కళ్లు గుంటల్లోకి పోతాయి. కిరీటం తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గిస్తే కళ్లు నల్లగా పడతాయి. ఇంటికొచ్చాక ఆ నలుపును కంప్యూటర్లో పైకి లేపాలి. డీ7200లో ఐఎస్ఓ (పట్టిన వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 దగ్గర తీసి అలా లేపితే కళ్ల కింద ఊదారంగు, ఆకుపచ్చ మచ్చలు తేలేవి. నాయిస్ (ఆ గరుకు, మచ్చలు) తగ్గిస్తే ముఖానికి మైనం పూసినట్టయ్యేది. అర్దళం (వేషానికి ముఖాన పూసే రంగు) మీద కారిన చెమట చారలు కూడా దాంతోపాటే చెరిగిపోయేవి. మూడు గంటలు గొంతెత్తి పాడిన మనిషి ముఖంలో నాకు కావాల్సింది ఆ చెమట చారలే.

డీ750లో అదే 6400 దగ్గర ఆ చారలు నిలబడ్డాయి. గరుకు ఉంటుంది, కానీ సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది, రంగు మచ్చలు కట్టదు. సెన్సర్ విస్తీర్ణం పాతదానికి రెండింతల పైమాటే. పిక్సెళ్ల లెక్క మారలేదు కాబట్టి ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 4 మైక్రాన్ల నుంచి 6 మైక్రాన్లకు పెరిగింది. కారణం అంతే, మాయలేదు. అయినా మొదటి రాత్రి ఫొటోలు పెద్ద స్క్రీన్ మీద చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఒక రాత్రి గురించి వివరంగా చెప్పాలి. టంగుటూరు వైపు ఒక పల్లెలో హరిశ్చంద్రుడి నాటకం. సాయంత్రం ఈదురుగాలికి కరెంటు లైను పోయింది, అంతా జనరేటర్ మీదే నడుస్తోంది. ఒంటిగంట దాటాక కాటిసీను మొదలైంది. రెండో పద్యం ఎత్తుకోగానే జనరేటర్ ఆగిపోయింది. లైట్లు పోయాయి, మైకులు పోయాయి. కమిటీవాళ్లు మెకానిక్ కోసం పరిగెత్తారు. జనం పట్టాలు దులుపుకుని లేవడం మొదలుపెట్టారు, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకుంటున్నారు.

హార్మోనిస్టు మాత్రం వేళ్లు తీయలేదు, శ్రుతి వదలకుండా అలాగే పట్టుకున్నాడు. హరిశ్చంద్ర వేషం కట్టిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. భుజాన గొంగడి, చేతిలో కర్ర, మైకు లేకుండానే మళ్లీ మొదటి నుంచి పద్యం ఎత్తుకున్నాడు. ఆ గొంతు విని ఎవరో కుర్రాడు ట్రాక్టర్ తిప్పి హెడ్‌లైట్లు స్టేజీ మీదికి వేశాడు. ఇంజన్ మోతకు పద్యం వినపడటం లేదని జనం అరిచారు. ఇంజన్ ఆపేసి, ఒట్టి బ్యాటరీ మీదే లైట్లు ఉంచాడు.

ఇక ఆ వెలుగు గురించి. నెత్తిమీద నుంచి కాదు, ఎడమ పక్క నుంచి, నడుము ఎత్తులో వస్తోంది. సగం ముఖం వెలుగులో, సగం నల్లగా. మాసిన గడ్డంలో తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటిగా మెరుస్తున్నాయి. 50 ఎంఎం లెన్సు ఎఫ్ 1.8 మీద (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది) పెట్టి, షట్టర్ సెకనులో అరవయ్యో వంతుకు దించి, ఐఎస్ఓ 6400తో మొదలుపెట్టాను. బ్యాటరీ దిగిపోతున్నకొద్దీ హెడ్‌లైటు పసుపు తిరిగింది. పద్యం చివరి రాగానికి వచ్చేసరికి 12800కి వెళ్లాల్సి వచ్చింది. పక్కనే ఉన్న హార్మోనిస్టు పెట్టె మీద నుంచి కళ్లు ఎత్తకుండానే "ఏందబ్బాయ్, ఈ చీకట్లో నీకేం పడతయ్యి?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు, చెప్పే తీరిక లేదు. లేచినవాళ్లు లేచినట్టే నిలబడి విన్నారు, "వన్స్‌మోర్" అన్నారు, మళ్లీ కూర్చున్నారు. కాసేపటికి జనరేటర్ మొదలైంది. ఆ తర్వాత తీసినవన్నీ మామూలు తెల్లటి ఫ్లడ్‌లైటు ఫొటోలే.

12800లో తీసినదాన్ని 12x18 సైజులో ప్రింట్ వేయించి పెద్దాయనకు తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బాగుంది గానీ, చేతిలో కర్ర యాడుంది?" అన్నాడు. కాటికాపరికి కర్రే కదా గుర్తు. అది చీకటి సగంలో పడిపోయింది. ఇంటికొచ్చి 6400 మీద తీసిన రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా ఉండే ఫైలు) ఒకటి తెరిచి, నల్లటి సగాన్ని స్టాపున్నర (ఒక స్టాపంటే వెలుగు రెండింతలు) లేపాను. కర్ర వచ్చింది, దాన్ని బిగించి పట్టుకున్న వేళ్లు వచ్చాయి. గరుకుగానే వచ్చాయి, కానీ గోళ్ల గీత దాకా తెలిసింది. ఇప్పుడు వాళ్లింట్లో గోడకు ఉన్నది ఆ రెండో ప్రింటే. పాత కెమెరాలో ఆ చోట ఊదారంగు మచ్చ తప్ప ఏమీ మిగిలేది కాదని నాకు గట్టి నమ్మకం, అలాంటి ఫైళ్లు నా దగ్గర బోలెడున్నాయి.

ఇంత మెచ్చుకున్నాక, ఆ ఫొటోలో కెమెరా వాటా ఎంత, లెన్సు వాటా ఎంత అని విడదీయడం న్యాయం. ఈ రెండు సెన్సర్ల మధ్య తేడా నా లెక్కకు ఒక స్టాపు, ఇంకొంచెం. ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోయే, కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్సుకూ ఎఫ్ 1.8 లెన్సుకూ మధ్య తేడా మూడు స్టాపుల పైన. అంటే చిన్న సెన్సర్ బాడీకి 50 ఎంఎం లెన్సు తగిలించినవాడు, ఫుల్‌ఫ్రేమ్‌కు ఎఫ్ 4 జూమ్ తగిలించినవాడికంటే చీకట్లో ముందుంటాడు. మీ దగ్గర ఇంకా ఎఫ్ 1.8 లెన్సు లేకపోతే బాడీ మాట తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో సంగతి కొంచెం ఆలస్యంగా అర్థమవుతుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్ 1.8 పెడితే ఒక ముఖం అద్భుతంగా వస్తుంది. పక్కన చంద్రమతి ఒక అడుగు వెనక నిలబడి ఉంటే ఆమె ముఖం మసకబారుతుంది. ఇద్దరూ స్పష్టంగా రావాలంటే ఎఫ్ 2.8, నలుగురు వరసలో ఉంటే ఎఫ్ 4 పెట్టక తప్పదు. అప్పుడు ఐఎస్ఓ పైకి పోతుంది, పెద్ద సెన్సర్ వల్ల దక్కిన స్టాపు అక్కడే ఖర్చయిపోతుంది. చిన్న సెన్సర్‌లో అదే ఫ్రేమును ఒక స్టాపు ఎక్కువ తెరిచి తీసినా ఇద్దరూ దాదాపు అంతే స్పష్టంగా వచ్చేవారు. కాబట్టి సభ ఫొటోలకు, దర్బారు సీన్లకు నా రెండు కెమెరాల ఫొటోలు పక్కపక్కన పెడితే చాలామంది తేడా పట్టలేరు. ఒంటరి ముఖమైతే ఎవరైనా పడతారు.

నీలం పార్ లైటు వేసినప్పుడు ఫుల్‌ఫ్రేమ్ కూడా చేతులెత్తేస్తుంది. ఆ వెలుగులో ఎరుపు అసలే ఉండదు, లేని రంగును ఏ సెన్సరూ పుట్టించలేదు. అలాంటివి నలుపు తెలుపులోకి మార్చేస్తాను. ఎల్‌ఈడీల మినుకు సంగతి కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ సెకనులో యాభయ్యో వంతు లేదా వందో వంతు దగ్గర ఉంచితే చారలు పడే గోల చాలావరకు తగ్గుతుంది.

2023 ఏప్రిల్‌లో ఫొటోలు దిద్దే అడోబ్ లైట్‌రూమ్‌లోకి నాయిస్ తీసే ఏఐ డీనాయిస్ వచ్చాక నా పాత డీ7200 ఫైళ్లు కొన్ని మళ్లీ తీసి చూశాను. బాగా మెరుగయ్యాయి. అది ముందే ఉంటే నేను ఇంత ఖర్చుకు దిగేవాణ్నా అంటే ఖాయంగా చెప్పలేను. చెమట చారలు మాత్రం దాంట్లో కొన్ని వస్తాయి, కొన్ని చెరిగిపోతాయి. నా ల్యాప్‌టాప్ పాతది, ఒక్కో ఫొటోకు నిమిషాలు పడుతుంది, రాత్రంతా తీసినవాటికి అది అయ్యే పని కాదు. మంచి కంప్యూటర్ ఉన్నవాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు.

పగటి పని దగ్గర నేను పోగొట్టుకున్నది కూడా తక్కువేం కాదు. బండలాగుడు దగ్గర జనాన్ని తాళ్ల బయటే ఉంచుతారు. గిత్తలు బండను ఈడ్చుకుంటూ వచ్చేటప్పుడు మెడ నరాలు ఉబ్బి, ముట్టె దగ్గర నురగ కడుతుంది, కళ్లు తెల్లగా తిరుగుతాయి. నాకు ఆ రెండు తలలే కావాలి. చిన్న సెన్సర్ లెన్సు చూపేదాంట్లో మధ్యభాగాన్నే పడుతుంది కాబట్టి 70-300 లెన్సు డీ7200 మీద 450 ఎంఎం అంత దగ్గరికి తెచ్చేది. డీ750 మీద 300 అంటే 300లే. గిత్తలతోపాటు తోలేవాళ్లు, వెనక షామియానా, చెరుకురసం బండి అన్నీ ఫ్రేములోకి వస్తాయి. క్రాప్ మోడ్ (సెన్సర్ మధ్యభాగాన్ని మాత్రమే వాడటం) పెట్టుకుంటే 24 మెగాపిక్సెళ్లలో మిగిలేవి 10. పైగా ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లలో ఫోకస్ పాయింట్లు మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. జతలో కుడిగిత్త తల ఫ్రేము అంచుకు వచ్చేసరికి అక్కడ పాయింటు ఉండదు. ఎండలో ఐఎస్ఓ 200 దగ్గర పెద్ద సెన్సర్ నాకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు. డీ7200 అమ్మి ఆ డబ్బుతో లెన్సు కొందామనుకున్నవాణ్ని, మొదటి సంక్రాంతి పోటీల తర్వాత ఆ ఆలోచన మానుకున్నాను. ఇప్పటికీ బండలాగుడుకు అదే పట్టుకెళతాను.

ఖర్చు గురించి ఒక్క మాట. బాడీ ధర చూసి లెక్క వేసుకోవద్దు. చిన్న సెన్సర్ కోసం చేసిన 18-140, 35 ఎంఎం లెన్సులు దీని మీద మొత్తం ఫ్రేమును నింపవు. వాటి స్థానంలో కొన్నవి బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. నేను సెకండ్ హ్యాండ్ బాడీ తీసుకున్నప్పుడు అమ్మినాయన షట్టర్ లెక్క (అప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో) తక్కువ చెప్పాడు. అక్కడే ఒక ఫొటో తీసి ఫోన్లో చూస్తే అసలు లెక్క బయటపడింది, ధర తగ్గించాడు. కొనేవాళ్లు ఆ పని తప్పకుండా చేయండి.

కందుకూరులో స్టూడియో నడిపే మిత్రుడు తానూ మారాలా అని చాన్నాళ్లుగా అడుగుతున్నాడు. పెళ్లిలో వీడియో లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫ్లాష్ ఉంటుంది, గ్రూపు ఫొటోలు ఎఫ్ 5.6 మీద తీస్తాడు. ఆల్బం షీటు మీద తేడా కనపడదని చెప్పాను. అయితే పెళ్లికూతురి ఒంటరి ఫొటోల్లో వెనకంతా మసకగా కావాలని ఇప్పుడు అడగనివాళ్లు లేరట. అతనికి అది తిండి పెట్టే పని, నాకు ఫొటోల మీద ఒక్క రూపాయి రాదు. అందుకని నా సలహా అతనికి పూర్తిగా సరిపోదు. కొంటే 2014 నాటి డీ750 కాకుండా, లోపల అద్దం లేకుండా, ఎదుటివాళ్ల కంటిని వెతికి పట్టే మిర్రర్‌లెస్ చూసుకోమన్నాను.

నేనైతే ఇప్పట్లో మారను. దీని షట్టర్‌ను 1,50,000 క్లిక్కులకు పరీక్షించారు, నాది ఇంకా అందులో సగానికి రాలేదు. నాటకాల్లో ముందువరస ఊరి పెద్దల కుర్చీలకు పోతోంది, నేను రోజురోజుకూ వెనక్కి జరగాల్సి వస్తోంది. అందుకే పక్కన పెడుతున్న డబ్బు 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కోసం. వచ్చే తిరునాళ్లలోపు చేతికొస్తే దాని సంగతీ రాస్తాను.